మోదుగ తాబేలు

పేపర్లో వచ్చింది నాలుగు వరుసలే. "మద్యం మత్తులో పార్కు బొమ్మ ధ్వంసం" అని జిల్లా పేజీలో అడుగున, బోరుబావుల ప్రకటన పక్కన వేశారు. అందులో పోతయ్య వయసు తప్పు, ఊరి పేరు తప్పు, తాగాడన్నదీ తప్పు. బొమ్మను పగలగొట్టింది ఆయనే అన్నది మాత్రం నిజం. ఎందుకు పగలగొట్టాడో విలేకరి అడగలేదు. కోయ మనిషి తాగాడు, కొట్టాడు అంటే ఇక అడగడానికేముందని మన జిల్లాలో చదువుకున్నవాళ్లే అనుకుంటారు. అడిగినా పోతయ్య చెప్పేవాడు కాదు. నాకు చెప్పడానికి ఆయనకు రెండేళ్లు పట్టింది. ఊరి పేరు, ఇంటిపేర్లు రాయకూడదని మాట తీసుకున్నాకే చెప్పాడు. "తెల్వక చేసిన అని మాత్రం రాయకు. తెలిసే చేసిన," అన్నాడు.

చర్ల మండలంలో తారు రోడ్డు దిగి, వాగు దాటి, ఎర్రమట్టి దారిలో గంటసేపు నడిస్తే వాళ్ల గుంపు వస్తుంది. నలభై ఇళ్లు. పోతయ్యకు అప్పటికి యాభై ఎనిమిదేళ్లు. భార్య పోయి పదేళ్లయింది. పక్క ఇంట్లో అక్క ముత్తక్క ఉంటుంది. మొగుడు చనిపోయాక పుట్టిన ఊరికే వచ్చేసింది. పోతయ్యకు ఎకరన్నర పోడు ఉంది. ఎండాకాలం తునికాకు, ఇప్పపువ్వు. మిగతా రోజుల్లో దొరికిన కూలి. ఇంతవరకు ఆ చుట్టుపక్కల ఏ మనిషి బతుకైనా ఇంతే. పోతయ్యకు ఇంకొక పని ఉంది. ఆ గుంపులో పెళ్లి కుదిరితే బొమ్మ చెక్కేది ఆయనే. అంతకు ముందు ఆయన తాత.

ఆ బొమ్మ సంగతి చెప్పాలంటే వాళ్ల గట్ల సంగతి చెప్పాలి. గట్టు అంటే కొన్ని ఇంటిపేర్లు కలిసిన పెద్ద వంశం. ఒకే గట్టులో ఉన్న ఇంటిపేర్ల వాళ్లంతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వాళ్ల మధ్య పెళ్లి ఉండదు. పెళ్లి మాట ఎగతాళికి కూడా నోటికి రాకూడదు. ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ వేరే గట్టుతోనే. ఆ గుంపులో ఒక్కో ఇంటిపేరుకు ఒక జంతువో చెట్టో తోడుగా ఉంటుంది. దాన్ని ఆ ఇంటివాళ్లు చంపరు, నరకరు. పెళ్లి కుదిరినప్పుడు పిల్ల ఇంటి తోడును, పిల్లగాడి ఇంటి తోడును కలిపి పోతయ్య ఒకే ప్రాణిగా చెక్కుతాడు. తెల్లని, మెత్తని పాలకొడిశ కర్ర మీద, జానెడంత. పెళ్లినాడు దాన్ని పందిరి నడిమి గుంజకు కడతారు. తర్వాత కొత్త జంట ఇంటి చూరులో పెట్టుకుంటారు. పిల్ల పుట్టినప్పుడు దించి, ఇదిగో ఇదీ నువ్వు అని చూపిస్తారు.

ఎలాంటి బొమ్మలనుకున్నారు? ముళ్లపంది ఒకటి ఉంటుంది, దాని ముళ్లన్నీ లేత వెదురు కొమ్ములు. చేప ఉంటుంది, పొలుసులన్నీ ఇప్పపూలు. ముంగిస తోక సాగి సాగి అడ్డతీగై దాని మెడకే చుట్టుకుంటుంది. ఎక్కడ జంతువు అయిపోయి ఎక్కడ చెట్టు మొదలైందో వేలితో తడిమినా తెలియకూడదు. తాత నేర్పింది అదొక్కటే. అతుకు కనబడితే కాపురం కుదరదనేవాడు. రెండు వైపులా జంతువులే వస్తే ఏం చేస్తావని ఎవరో పోతయ్యను అడిగారట. "ఒకదాన్ని నిద్రబుచ్చుత. నిద్రపోతే అది చెట్టే గదా," అన్నాడట.

ఆయన చేతికి ఎప్పుడూ అడ్డం లేదు, ఒక్క రూపం దగ్గర తప్ప.

ఇరవై రెండేళ్ల వయసులో, మోదుగలు విరగబూసిన రోజుల్లో, వాగు ఒడ్డున తాబేలును చూశాడు. అప్పుడే నీళ్లలోంచి వచ్చి చెట్టు కింద ఆగింది. తడి డిప్ప మీద మోదుగ రేకులు రాలి అతుక్కున్నాయి. మెడ చాపితే అచ్చం విచ్చుకోని మొగ్గ. ఏది డిప్పో ఏది పువ్వో తెలియలేదు. పోతయ్య ఇంటికి పరుగున వచ్చి కర్ర తీసుకుని నాలుగు దెబ్బలు వేశాడు. తాత చూసి ఆ కర్రను చేతిలోంచి లాక్కుని పొయ్యిలో పెట్టాడు. ఎందుకో చెప్పాల్సిన అవసరం లేదు. తాబేలు పోతయ్య వాళ్ల ఇంటిది. మోదుగ ఆ గుంపులోనే ఉండే భద్రయ్య వాళ్ల ఇంటిది. రెండూ ఒకే గట్టు. ఆ రెండూ కలిసిన బొమ్మ ఈ లోకంలో ఏ పందిరికీ అక్కర్లేదు.

ముప్పై ఆరేళ్లు ఆ తాబేలు ఆయన కళ్లలోనే ఉండిపోయింది.

ఇక పార్కు. భద్రాచలం నుంచి చర్ల వచ్చే దారిలో, ఒకప్పుడు ఈ గుంపువాళ్లు ఏడు కుటుంబాలు పోడు కొట్టుకున్న గరువు నేల ఉంది. అది మీది కాదని అటవీ శాఖవాళ్లు కందకం తవ్వారు. మొక్కలు నాటారు, మొక్కలు ఎండాయి. కొన్నేళ్లకు కంచె వచ్చింది, తర్వాత గేటు వచ్చింది. చెట్లు, జంతువులు, గిరిజన సంస్కృతి అన్నీ ఒకేచోట చూడవచ్చని పర్యాటకుల కోసం పార్కు అన్నారు. భూమి పోయిన ఏడు కుటుంబాలూ అందులో కూలికి వెళ్లాయి. ఎవరి చేలో వాళ్లే గుంతలు తీశారు. దీని గురించి వాళ్లతో కలిసి మేం ఎన్ని దరఖాస్తులు పెట్టామో, ఎన్ని బీరువాల్లో అవి పడి ఉన్నాయో చెబితే వేరే కథ అవుతుంది.

ఆ పార్కు పనులు చూడటానికి ఖమ్మం నుంచి వచ్చిన సూపర్‌వైజర్ ప్రభాకర్. ముప్పై ఏళ్లవాడు, మాట మెత్తన. ఒకనాడు గుంపులో మంచినీళ్లకు ఆగి, చూరులో ముళ్లపందిని చూశాడు. ఎవరు చేశారని అడిగి పోతయ్య ఇంటికి వచ్చాడు.

"పెద్దాయనా, ఇవి చిన్నగున్నయి. నాకు మనిషెత్తు కావాలె. పది పీసులు. చేస్తవా?"

"గంత పెద్ద కర్ర యాడ దొరుకుతది సార్? దొరికినా తెస్తుంటే మీరే పట్టుకుంటరు గదా."

ప్రభాకర్ నవ్వాడు. "కర్ర కాదు, సిమెంట్. రాడ్డు వంచి, జాలీ చుట్టి, మీద సిమెంట్ పూయాలె. మేస్త్రీని నేనిస్త. రూపం నీది."

వైరా నుంచి తిరుపతి అనే మేస్త్రీ వచ్చాడు. ఇనుప చువ్వ ఎక్కడ వంచితే బరువు ఆగుతుందో, సిమెంటు ఎంత జిగటగా ఉంటే జాలీని పట్టుకుంటుందో అతను నేర్పాడు. పోతయ్య నెలలో నేర్చుకున్నాడు. ఇద్దరికీ బాగా కుదిరింది. తిరుపతి నోరు ఊరుకోదు.

"ఏంది పోతన్నా, పందికి వెదురు మొలిచిందా, వెదురుకు పంది మొలిచిందా?"

"అది మా ఊర్ల ఒక పెండ్లి. ముళ్లపంది మొగోని దిక్కు, వెదురు ఆడదాని దిక్కు."

"అయితే పొడిచేది మొగోడన్నమాట."

"సక్కగ చూడు. ముళ్లన్నీ వెదురే. పొడిచేది ఆడదే."

"గట్లనా! మా ఇంట్ల గూడ గంతే. వెదురు ఒక్కటే తక్కువ."

తొమ్మిది బొమ్మలు లేచాయి. తొమ్మిదీ గుంపులో జరిగిన పెళ్లిళ్లే. కూలికొచ్చిన ఆడవాళ్లు తట్టలు దించి, "ఇది మా పెండ్లి", "గది మా అత్త పెండ్లి" అని చూసుకుని మురిసిపోయారు. ఎత్తుకున్న పిల్లలకు చూపించారు. ప్రభాకర్ కూడా అడిగి అడిగి సంగతంతా తెలుసుకుని ఫోన్‌లో రాసుకున్నాడు. పిల్ల ఇంటి తోడు, పిల్లగాడి ఇంటి తోడు, రెండు కలిస్తే ఒక పెళ్లి. పోతయ్య సంతోషంగా చెప్పాడు. అప్పటికి బొమ్మలు తొమ్మిదే.

పదోది గేటు దగ్గర.

"ఇది మాత్రం అదిరిపోవాలె పెద్దాయనా. దూరం నుంచి ఎర్రగ కనబడాలె. బస్సుల పోయేటోడు దిగొచ్చి ఫోటో కొట్టుకోవాలె," అన్నాడు ప్రభాకర్.

ఎరుపు అనగానే పోతయ్యకు ఒక్కటే కనిపించింది. వేరే దారి లేక కాదు. ఉడుముకు బూరుగు పువ్వు పెట్టవచ్చు, అదీ ఎర్రనే. ఆ పెళ్లి గుంపులో జరిగింది కూడా. రెండు రోజులు ఉడుముకే చువ్వలు వంచాడు. మూడో రోజు ఆ చువ్వలే గుండ్రంగా తిరిగి డిప్ప అయ్యాయి. ఇది కర్ర కాదు, సిమెంట్. ఇది పందిరి కాదు, పార్కు. ఇక్కడ ఎవరికీ పెళ్లి జరగడం లేదు. ఇలా తనకు తాను చెప్పుకున్నాడు. నిజంగా నమ్మితే దాచాల్సిన పని లేదు. ఎండకు పగుళ్లు వస్తాయని తిరుపతితో చెప్పి చుట్టూ పచ్చ నెట్ కట్టించాడు. కూలీలు తొంగిచూడబోతే, "తడి మీదుంది, రాకుండ్రి," అని అదిలించాడు. ఇంటికెళ్లాక ఏం చేస్తున్నావని ముత్తక్క అడిగితే, "ఉడుము," అన్నాడు. ముప్పై ఆరేళ్ల ఆకలి తీరుతుంటే ఆయన చేతికి ఇంకేమీ గుర్తు రాలేదు.

బొమ్మ ఎంత బాగా వచ్చిందో చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు. తాబేలు డిప్పలోని ఒక్కో పలక ఒక్కో రేకుగా విప్పుకుంటోంది. నడిచి నడిచి అలసి, ఇక పూద్దామనుకున్న తాబేలు. మెడ దగ్గర రేకు ముడుచుకుని ముక్కయింది, ముక్కు వంగి మళ్లీ రేకయింది. నాలుగు కాళ్లు వేళ్లై నేలను పట్టాయి. నారింజ, ఎరుపు రంగులు వేశాక ఎదురుగా అడవిలో పూసిన మోదుగలు వెలవెలబోయాయి. తిరుపతి చేతులు కడుక్కుంటూ చాలాసేపు చూసి, "పోతన్నా, ఇది ఎవరి పెండ్లి?" అని అడిగాడు.

"ఎవరిదీ కాదు," అన్నాడు పోతయ్య.

పార్కును పెద్దలెవరో వచ్చి తెరిచారు. ఆ ఆదివారం గుంపువాళ్లంతా చూడటానికి వచ్చారు. అందరికంటే ముందు భద్రయ్య వచ్చాడు. గుంపులో పెద్దమనిషి, వరసకు పోతయ్యకు అన్న. వెంట మనవరాలు శ్రావణి ఉంది. భద్రాచలంలో నర్సింగ్ చదువుతున్న పిల్ల. ఎండాకాలంలో ఆమె పెళ్లి. పిల్లగాడిది వేరే గట్టు, రాష్ట్ర సరిహద్దు అవతలి ఊరు. వాళ్ల ఇంటి తోడు పాలపిట్ట. మోదుగనూ పాలపిట్టనూ కలిపి ఎలా చెక్కుతావని శ్రావణి పోతయ్యను అప్పటికే పదిసార్లు అడిగింది.

పోతయ్య వాళ్లను వెనక దారిన తొమ్మిది బొమ్మల దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక్కోదాని దగ్గర ఎక్కువసేపు నిలబెట్టాడు. అలసిపోయి గేటు వైపు రారనుకున్నాడు. ఇంతలో శ్రావణి ఫోన్ పట్టుకుని ముందుకు పరిగెత్తింది.

"చిన్నతాతా! ఇక్కడ బోర్డు పెట్టిండ్రు. నీ పేరు రాసిండ్రు!"

పోతయ్యకు చదువు రాదు. బోర్డు ఉంటుందని ఆయనకెవరూ చెప్పలేదు. అందరూ గేటు దగ్గరికి చేరారు. శ్రావణి బడిలో పాఠం చదివినట్టు గట్టిగా చదివింది.

"గిరిజన వివాహం. వధువు ఇంటి చిహ్నం, వరుని ఇంటి చిహ్నం ఒకే రూపంలో కలిసిన ప్రేమకు..."

అప్పుడు తలెత్తి బొమ్మను చూసింది. గొంతు అక్కడే ఆగిపోయింది. మిగిలిన "ప్రతీక" అన్న మాట పెదాల మీదే పోయింది. కింద రాసిన "శిల్పి పోతయ్య" ఆమె చదవలేదు. అది ముందే చదివేసింది.

ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. తొమ్మిది బొమ్మలూ పెళ్లిళ్లేనని పోతయ్యే అందరికీ చెప్పాడు. పదోది కాదని ఇప్పుడెలా చెబుతాడు? భద్రయ్య తాబేలును చూశాడు, దాని వీపు మీద తన ఇంటి పువ్వును చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి తల మీదుగా ముఖానికి దించుకున్నాడు.

"నడువ్ బిడ్డా," అన్నాడు మనవరాలితో.

పోతయ్య ఇంటికి చేరేసరికి మాట ముందే చేరింది. ముత్తక్క వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తోంది. తల ఎత్తలేదు.

"ఉడుము అన్నవ్ గదరా తమ్మీ."

ఆయన గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

"తాబేలు ఆడదా, మోదుగ ఆడదా?"

"అక్కా..."

"అడుగుతున్న, చెప్పు. తాబేలు ఆడదైతే గది నేను. ఈ ఇంటి ఆడబిడ్డ నేనొక్కదాన్నే గదా. నన్ను భద్రన్నకిచ్చి గేటు కాడ నిలబెట్టినవ్. నా మొగుడు సచ్చిన్నాడు పుట్టింటి చీర తెచ్చిందెవరు? నీ చేతుల పైస లేకపాయె. భద్రన్న తెచ్చిండు. అన్న లెక్క తెచ్చి కప్పిండు. ఆ చీర నేనిప్పుడు ఎట్ల కట్టాలె?"

"సిమెంట్ గదక్కా. కర్ర గూడ కాదు."

"కర్రైతే పొయ్యిల పెట్టుకుందుము. ఇదేమన్న కాలుతదా?"

మర్నాడు భద్రయ్య దగ్గరనుంచి కబురొచ్చింది. తిట్టు కాదు, తీర్పు కాదు. శ్రావణి పెళ్లి బొమ్మకు తొందరేం లేదని చెప్పమన్నాడట, అంతే. ఆ మాటకు అర్థం గుంపులో పిల్లలకు కూడా తెలుసు. పోతయ్య తాత కాలం నుంచి ఆ గుంపులో బొమ్మ లేకుండా పందిరి పడలేదు. ఇప్పుడు మొదటిసారి పడబోతోంది. ఈ పెళ్లికి లేకపోతే తర్వాతి పెళ్లికి ఎవరడుగుతారు? అన్నను, అక్కను బజార్లో నిలబెట్టిన చేతితో చేసిన బొమ్మను ఏ ఇల్లు చూరులో పెట్టుకుంటుంది?

ఆ వారం చర్ల సంతలో ఉప్పు కొంటుంటే వేరే గట్టువాడు, బావ వరసవాడు ఎదురుపడ్డాడు. ఫోన్ తీసి ఫోటో చూపించాడు.

"ఏం బావా, మీ గట్టుల మీకు మీరే పెండ్లిండ్లు షురూ చేసిండ్రంట గదా? మరి మా పిల్లగాండ్లు ఏడికి పోవాలె?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బావ వరస ఉన్నవాడు అలా అనవచ్చు, అది వాళ్ల హక్కు. ఇంకేదైనా విషయమైతే పోతయ్య రెండింతలు తిరిగి అనేవాడు. ఆ రోజు ఉప్పు పొట్లం అక్కడే వదిలేసి వచ్చేశాడు.

పార్కుకు వెళ్లి ప్రభాకర్‌ను కలిశాడు.

"సార్, ఆ బోర్డు తీసెయ్యుండ్రి."

"ఎందుకు? నీ పేరు కూడా వేయించిన గదా. మా ఇంజనీర్ పేరు గూడ లేదు దాని మీద."

"బొమ్మ గూడ తీసెయ్యుండ్రి. ఇంకొకటి చేసిస్త. పైసలొద్దు, ఊకెనే చేసిస్త."

ప్రభాకర్ కుర్చీ జరిపి నిజంగానే అడిగాడు. "ఏంది పెద్దాయనా, ఏమన్న తప్పు రాసినమా? ఏం తప్పో చెప్పు. పైకి రాస్త. కారణం లేకుంటే నేను తీయలేను, అప్రూవల్ అయింది."

పోతయ్యకు అవకాశం దొరికింది. నాలుగు మాటలు చెబితే పని అయ్యేదేమో. కానీ ఆ నాలుగు మాటలు అంటే ఏమిటి? ఈ బొమ్మలో అన్నాచెల్లెళ్లు మొగుడూ పెళ్లాలుగా ఉన్నారు, చేసింది నేనే, తెలిసే చేశాను అని చెప్పాలి. అది ప్రభాకర్ ఫోన్‌లోకి, అక్కడనుంచి కాగితం మీదికి, ఆఫీసుకు, ఖమ్మానికి పోతుంది. ముత్తక్క పేరు ఫైల్లో పడుతుంది. నోరు తెరిచాడు. "రంగు మంచిగ లేదు సార్," అన్నాడు.

"రంగే హైలైట్ గదయ్యా!" అని ప్రభాకర్ నవ్వి లేచాడు.

మర్నాడు పొద్దున పది గంటలకు పోతయ్య గడ్డపార భుజాన వేసుకుని గేటు దగ్గరికి వెళ్లాడు. అందరూ చూసేలా వెళ్లాడు. బోనకల్ వైపునుంచి వచ్చిన ఒక కుటుంబం బొమ్మ ముందు ఫోటో దిగుతోంది. వాళ్లది అయ్యేదాకా పక్కన నిలబడ్డాడు. "జర పక్కకు జరుగుండ్రి బిడ్డా, రాళ్లు తగుల్తయి," అని వాళ్లను పంపాక మొదలుపెట్టాడు.

తాబేలును ఉంచి పువ్వును మాత్రం తీసేద్దామనుకున్నాడు. పువ్వు పోతే అది ఒట్టి తాబేలే, ఎవరి పరువూ పోదు. ఎక్కడ కొట్టాలో వెతికాడు. రేకు ఎక్కడ ఆగిందో, డిప్ప ఎక్కడ మొదలైందో ఆయనకే దొరకలేదు. వేలితో తడిమాడు. అతుకు లేదు. బతుకంతా నేర్చుకున్న పని అక్కడ ఆయనకు అడ్డం తిరిగింది. చివరికి మొత్తం కొట్టాల్సి వచ్చింది. మెడ ముందు పడింది. జాలీ తెగలేదు. చువ్వలు వంగాయి గాని విరగలేదు, తిరుపతి అంత గట్టిగా కట్టించాడు. సగం అయ్యేసరికి వాచ్‌మన్లు వచ్చి పట్టుకున్నారు. పోతయ్య చేయి ఎత్తలేదు. గడ్డపార కింద పెట్టి, బోర్డును ఒక్క తన్ను తన్నాడు. అది పడలేదు.

ఆ దారిలో సర్కారు వస్తువు మీద దెబ్బ పడితే మొదటి ప్రశ్న ఎందుకు కొట్టావని కాదు.

"ఎవరు చెప్తే కొట్టినవ్?" అన్నాడు స్టేషన్లో ఎస్సై.

"ఎవరూ చెప్పలే సార్."

"మరి? ఊకెనే పొద్దున లేచి గడ్డపార పట్టుకొచ్చినవా? అడవిలకెల్లి దళమోళ్లెవరన్న వచ్చిండ్రా? ఏమన్న మీటింగ్ పెట్టిండ్రా?"

ప్రభాకర్ పక్కనే నిలబడి ఉన్నాడు. చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. "నిన్న నా కాడికొచ్చి బోర్డు తీసెయ్యమన్నడు సార్. అప్పుడు మంచిగనే ఉండె," అన్నాడు.

"బోర్డు ఎందుకు తీయమన్నవ్?"

అందరూ పోతయ్య వైపు చూశారు. నిజం చెబితే అడవి ప్రశ్నలు ఆగేవి. చెప్పకపోతే ఎన్ని రోజులుంచుతారో తెలియదు. ఆ గుంపులోనే అలా వెళ్లి ఏడాది తర్వాత వచ్చినవాళ్లున్నారు. పోతయ్య గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ అన్నాడు.

"తాగిన సార్. తాగి కొట్టిన."

ఆ ఒక్క మాటతో స్టేషన్ అంతా తేలికపడింది. ఎస్సై కుర్చీలో వెనక్కి వాలాడు. కానిస్టేబుల్ రాయడం మొదలుపెట్టాడు. ఒక్కడూ దగ్గరికొచ్చి వాసన చూడలేదు. ఊదమని గొట్టం పెట్టలేదు. పట్నంలో కారు నడిపేవాడికైనా ఆ పరీక్ష ఉంది. కోయవాడికి అవసరం లేదు. ఆయన నోటి మాటే సాక్ష్యం, ఎందుకంటే వినాలనుకున్న మాట అదే. ఇది రాస్తుంటే నాకు సిగ్గేస్తోంది. సిగ్గుపడాల్సినవాళ్ల లెక్కలో పోతయ్య పేరు మొదట రాదు. అయినా ఆ బల్ల ముందు తల దించుకున్నది ఆయనొక్కడే.

ఊళ్లో ముత్తక్క భద్రయ్య ఇంటికి వెళ్లింది. గడప ఎక్కలేదు. వాకిట్లో నిలబడి, "అన్నా, వాణ్ణి తీసుకపోయిండ్రు," అంది. భద్రయ్య తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరాడు.

స్టేషన్లో ఎస్సై ఆయన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు పెద్దమనిషివా? చెప్పు. ఈయన రోజూ తాగుతడా?"

పోతయ్య అప్పుడు మొదటిసారి తలెత్తాడు. పండుగలకు, చావులకు ఊరంతా తాగినా ఆయన ముట్టడని భద్రయ్యకు తెలుసు. తాగితే కత్తి వణుకుతుందని తాత పెట్టిన కట్టడి అది. భద్రయ్య గొంతు సవరించుకున్నాడు.

"అవ్ సార్. మా తమ్ముడు తాగితే మనిషి కాడు. ఏం చేస్తడో ఆయనకే తెల్వది."

"తమ్ముడా నీకు?"

"తమ్ముడే సార్."

ఇంకెప్పుడూ పార్కులోకి అడుగుపెట్టనని పోతయ్యతో వేలిముద్ర వేయించుకుని సాయంత్రానికి వదిలేశారు. ప్రభాకర్ కూడా కేసు సాగదీయలేదు. తర్వాత గేటు దగ్గర ఖమ్మం నుంచి తెచ్చిన ఫైబర్ జింకను నిలబెట్టారు. బోర్డు మాత్రం మార్చలేదు. గిరిజన వివాహమని రాసి ఉన్న బోర్డు పక్కన ఇప్పుడు ఒంటరి జింక ఉంది. ఫోటోలు బాగానే దిగుతున్నారు.

ఆ సాయంత్రం ఆటోలో అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. వాగు దగ్గర దిగారు. నీళ్లలో నడుస్తూ భద్రయ్య వెనక్కి తిరగకుండా అన్నాడు.

"పెండ్లికి రా."

"వస్తనన్నా."

"ఒట్టి చేతులతోని రా."

పోతయ్య అలాగే వెళ్లాడు. పందిరి పచ్చగా వేశారు. నడిమి గుంజ బోసిగా ఉంది. గుంపువాళ్లెవరూ ఆ గుంజ వైపు చూడలేదు. అటు చూస్తే పోతయ్య వైపు చూడాల్సి వస్తుంది. శ్రావణి వచ్చి కాళ్లకు మొక్కింది. దీవించడానికి చేయి ఎత్తాడు గాని ఆమె తల మీద పెట్టలేకపోయాడు. గాలిలోనే ఉంచి దించుకున్నాడు.

పిల్లగాడి వైపునుంచి వచ్చిన ముసలావిడ ఒకామె అందరిముందూ అడిగేసింది. "మీ ఊర్ల గుంజకు ఏదో బొమ్మ కడ్తరని మావోళ్లు చెప్పిరి. యాడుంది? మా పాలపిట్టను చూద్దామని వచ్చిన."

డోలు కొట్టేవాళ్లు కూడా ఆగారు. భద్రయ్య ముందుకొచ్చాడు.

"చేసేటాయనకు ఈయేడు చెయ్యి బాగలేదు వదినా. పనికి పట్టు చిక్కట్లేదు."

"అయ్యో, గదేం పాడు! ఎవరాయన?"

చూపులన్నీ తిరిగాయి. పోతయ్య కుడి చేతికి ఏమీ కాలేదు. ఆ చేయిని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. ముసలావిడ జాలిగా తల ఊపింది.

ఆ తర్వాత భోజనాలు. అందరితోపాటు ఆయన్నూ కూర్చోబెట్టారు. అడ్డాకు విస్తరిలో అన్నం పెట్టారు, మేకకూర వేశారు. ఎదురు వరసలో పిల్లగాడి తరఫువాళ్లు, వాళ్ల మధ్యలో ఆ ముసలావిడ. పోతయ్య తువ్వాలు విప్పితే భద్రయ్య మాట అబద్ధమవుతుంది. ఎడమ చేత్తో తింటే విస్తరిని అవమానించినట్టు. అన్నం ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కూర చల్లారిపోతోంది.

వడ్డిస్తున్న ముత్తక్క గంటె పక్కన పెట్టింది. భద్రయ్య కప్పిన చీరే కట్టుకుని ఉంది. వచ్చి తమ్ముడి పక్కన చతికిలబడి, విస్తరి తన వైపు లాక్కుని, ముద్ద కలిపింది.

"నోరు తెరువ్."

"అక్కా, అందరు చూస్తుండ్రు."

"చూడనియ్ రా. ఇన్ని దినాలు నన్ను చూడలేదా?"

పోతయ్య నోరు తెరిచాడు.